నేల స్లాబ్ కింద పైపులు: కాంక్రీటు పోయకముందు, పగలగొట్టాల్సి వచ్చాక

స్లాబ్ అనగానే తల పైకెత్తి చూడటం మన అలవాటు. వాడుకలో స్లాబ్ అంటే ఇంటి కప్పే మరి. ఇక్కడ మాట్లాడుకునేది కాళ్ల కింద ఉండే స్లాబ్ గురించి: మట్టిని గట్టిగా కుదించి, కంకర పరిచి, దాని మీద నేరుగా పోసే కాంక్రీటు పలక. కొన్ని ఇళ్లకు పునాది కూడా ఇదే. గోడలు వచ్చే చోట, అంచుల వెంట పలకను మందంగా కిందికి దింపి, దాని మీదే గోడలు లేపుతారు. మిగతా ఇళ్లలో పునాదులు, ప్లింత్ బీములు (నేల మట్టం దగ్గర గోడల కింద ఉండే కాంక్రీటు దూలాలు) విడిగా ఉంటాయి, వాటి మధ్య నింపిన మట్టి మీద పలక కూర్చుంటుంది.

ఏ పద్ధతిలోనైనా చిక్కు ఒక్కటే. కమోడ్, బాత్రూమ్, వంటింటి సింకు నుంచి వచ్చే మురుగు పైపులు ఈ పలక కిందుగానే బయటికి పోవాలి. గోడలో పైపు కారితే నాలుగు టైల్స్ ఊడబీకుతాం, రెండు రోజుల్లో అయిపోతుంది. నేల కింద కారితే ముందు ఎక్కడ కారుతోందో తెలియదు, తెలిశాక గది ఖాళీ చేయాలి, ఆ తర్వాత మిషన్ పెట్టి కోయాలి. అందుకే నా దృష్టిలో ఈ పనిలో కాంక్రీటు పోయడం చివరి చిన్న ముక్క. అసలు పనంతా దానికి ముందే ఉంది.

స్థానిక భవన నియమాలు, ఇంజనీరు డ్రాయింగు ఏం చెబితే దానికే మొదటి మాట. కింద ఇచ్చిన కొలతలు మామూలు ఇళ్లలో ఎక్కువగా వాడేవి.

ఏది కిందికి, ఏది పైకి

మురుగు పైపులకు వేరే దారి లేదు. అందులో నీళ్లు వాలు మీద తమంతట తామే పారాలి కాబట్టి కిందికి పోవాల్సిందే. మంచినీళ్ల పైపుల సంగతి వేరు. వాటిలో ప్రెషర్ ఉంటుంది, ఎటు తిప్పితే అటు వెళ్తాయి. కాబట్టి వాటిని స్లాబ్ కింద వేయకండి. గోడల్లోంచో, కప్పు కిందుగానో తీసుకెళ్లండి. పైపు కాస్త ఎక్కువ పడుతుంది, వేడినీళ్లు కుళాయికి రావడానికి కొంచెం ఆలస్యం కావచ్చు. కానీ ప్రెషర్ ఉన్న పైపు నేల కింద కారితే ఇరవై నాలుగు గంటలూ కారుతూనే ఉంటుంది, కింది మట్టిని కోసుకుంటూ పోతుంది. మురుగు పైపు వాడినప్పుడే కారుతుంది.

గది మధ్యలో సింకు ఉన్న వంటిల్లు లాంటి చోట తప్పనిసరై నీళ్ల పైపు కిందికి దింపాల్సి వస్తే ఒక్క నియమం గుర్తుంచుకోండి: నేల కింద జాయింటు ఉండకూడదు. ఒక గోడ దగ్గర దిగి, ఇంకో చోట పైకి లేచేదాకా ఒకే ముక్క ఉండాలి. చుట్టగా వచ్చే పెక్స్ (వంగే ప్లాస్టిక్) పైపు దీనికి బాగా సరిపోతుంది. దాన్ని ఇంకొంచెం పెద్ద గొట్టంలోంచి లాగితే, రేపు పాడైనా పగలగొట్టకుండా బయటికి లాగి కొత్తది తోయొచ్చు. రాగి పైపు అయితే కాంక్రీటుకూ మట్టికీ నేరుగా తగలకుండా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి.

సీపీవీసీ (వేడినీళ్లకూ పనికొచ్చే ప్లాస్టిక్) పైపులు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. చెదల మందు కొన్నిసార్లు నూనె లాంటి ద్రావకంలో కలిపి వస్తుంది. అది పైపు చుట్టూ మడుగు కడితే సీపీవీసీ పెళుసెక్కి పగులుతుంది. నీళ్లలో కలిపే మందు తెప్పించండి, పైపు లేచే చోట ధారగా పోయనివ్వకండి.

కొలతలు చివరి నుంచి మొదలుపెట్టాలి

ఎక్కువమంది బాత్రూమ్ దగ్గర మొదలుపెట్టి బయటికి తవ్వుకుంటూ పోతారు. తీరా ఛాంబర్ (ఇంటి బయట మురుగు లైన్లు కలిసే గుంట) దగ్గరికి వచ్చేసరికి పైపు ఛాంబర్ అడుగు కంటే కిందికి పోయి ఉంటుంది. అప్పుడు వాలు తగ్గించి సర్దేస్తారు. ఆ సర్దుబాటే తర్వాత నెలకోసారి జామ్ అవుతుంది.

ముందు నీళ్లు చివరికి ఎక్కడ కలవాలో ఆ చోటి లోతు తీసుకోండి. తర్వాత వెనక్కి లెక్క వేయండి. 3 అంగుళాలకంటే సన్నని పైపులకు అడుగుకు పావు అంగుళం వాలు కావాలి, అంటే మీటరుకు సుమారు 20 మి.మీ. 3, 4 అంగుళాల పైపులకు చాలా నియమావళులు దానిలో సగం వాలునైనా ఒప్పుకుంటాయి. నేను మాత్రం లోతు దొరికినంతవరకు 4 అంగుళాల పైపుకు కూడా మీటరుకు 20 మి.మీ. ఇస్తాను. ఎందుకంటే పేపర్ మీద 10 మి.మీ. అనుకుంటే, గోతిలో ఒక చోట 2 మి.మీ. మాత్రమే వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. కమోడ్ నుంచి ఛాంబర్‌కు 9 మీటర్లు. వాలు మీటరుకు 20 మి.మీ. అంటే మొత్తం 180 మి.మీ. నేల మట్టం (ఇక్కడ స్లాబ్ పై ముఖం) నుంచి కిందికి 100 మి.మీ. స్లాబ్, 100 మి.మీ. కంకర, ఆ కింద 50 మి.మీ. ఇసుక, తర్వాత 110 మి.మీ. పైపు. కలిపితే మొదట్లోనే పైపు అడుగు 360 మి.మీ. లోతులో ఉంటుంది. బయటికి వచ్చేసరికి 540. ఛాంబర్ అడుగు నేల మట్టానికి 540 మి.మీ. కంటే కింద ఉందా? ఉంటే తవ్వకం మొదలుపెట్టండి. లేకపోతే నేల మట్టాన్నే పైకి లేపాలి. ఈ మాట గోడలు లేచాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

నేల మట్టం గుర్తును కదలని చోట, గట్టి మేకు మీదో కాలమ్ మీదో పెట్టండి. దూరం ఎక్కువైతే పారదర్శకమైన ట్యూబులో నీళ్లు నింపిన లెవెల్ పైపు ఇప్పటికీ నమ్మదగ్గదే. గాలి బుడగ లేకుండా చూసుకుంటే చాలు.

గోతి, ఇసుక, పైపు

ముందు పాడు మట్టి, వేర్లు, చెత్త తీసేయాలి. నింపుడు మట్టిని ఒకేసారి పోసి పైన దిమ్మిస కొడితే కుదరదు. 150 మి.మీ. పొరలుగా పోసి, ప్రతి పొరనూ కాస్త తడిపి కుదించాలి. మట్టి తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో నొక్కితే ముద్ద కావాలి, కానీ చేతికి నీళ్లు అంటకూడదు. ఇలా మొత్తం కుదించాక అప్పుడు పైపు గోతి తవ్వండి. పైపులు పెట్టాక చుట్టూ మట్టి నింపే పద్ధతిలో పైపు కింద మట్టి ఎప్పటికీ సరిగా కుదరదు.

నల్లరేగడి లాంటి నేల అయితే కథ వేరు. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంగి, పైపును కూడా తనతో పాటు పైకీ కిందికీ లాగుతుంది. అలాంటి చోట పై మట్టి మార్చడమో, పైపులను మట్టి మీద ఆనించకుండా స్లాబ్‌కే వేలాడదీయడమో చేస్తారు. అది ఇంజనీరు తేల్చాల్సిన విషయం.

గోతి అడుగును వాలు ప్రకారం చదును చేసి, 100 మి.మీ. ఇసుక పరచండి. పైపు పొడవునా ఇసుక మీద ఆనాలి. కప్లింగ్ (రెండు పైపులను కలిపే ముక్క) ఉన్న చోట ఇసుకను వేళ్లతో కొంచెం గోకి గుంట చేయాలి, లేకపోతే పైపు బరువంతా కప్లింగ్ మీద పడి మధ్యలో పైపు గాల్లో ఉంటుంది. ఇటుక ముక్కలు, కర్ర చెక్కలు పెట్టి వాలు సరిచేసే అలవాటు చాలా సైట్లలో కనిపిస్తుంది. దాన్ని ఆపించండి. ఇటుక ఉన్న చోట పైపు ఆగుతుంది, లేని చోట కుంగుతుంది. కొన్నేళ్లకు పైపు దండలా వేలాడి, ఆ వంపుల్లో మురుగు నిలుస్తుంది.

గోడ పునాది పక్కగా, దానికి సమాంతరంగా లోతైన గోతి తవ్వకండి. పునాది అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో కిందికి ఒక గీత ఊహించుకోండి. గోతి ఆ గీతకు పైనే ఉండాలి. గీత దాటి కిందికి పోతే పునాదిని మోసే మట్టినే తవ్వేసినట్టు.

ఇక ఫిట్టింగులు. అడ్డంగా పారే పైపులో మలుపు 90 డిగ్రీల ఎల్బోతో ఒక్కసారిగా తిప్పకండి. రెండు 45 డిగ్రీల బెండులు వాడండి. ఒక లైన్ ఇంకో దానిలో కలిసేచోట టీ కాకుండా, పారే దిక్కుకు వాలిన వై పెట్టండి. మలుపుల దగ్గరా, లైన్ మొదట్లోనూ మూత తీసి కడ్డీ తోయగలిగే క్లీనౌట్ ఉండాలి. అది నేల మట్టానికి వచ్చి, చేయి పెట్టగలిగే చోట ఉండాలి. అల్మారా వెనక ఉంటే లేనట్టే. ట్రాపుల్లో (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపుల్లో) నీళ్లు ఖాళీ కాకుండా గాలి గొట్టం కూడా ఈ దశలోనే కలపాలి.

పీవీసీ అతికించేటప్పుడు తొందరే శత్రువు. పైపు కోసిన అంచును ఫైలుతో నునుపు చేసి, మట్టి తుడిచి, ప్రైమర్ రాసి, సాల్వెంట్ సిమెంట్ రెండు వైపులా పూసి, పావు వంతు తిప్పుతూ లోపలికి తోసి, అరనిమిషం అలాగే పట్టుకోండి. వదిలేస్తే కొన్ని పైపులు నెమ్మదిగా వెనక్కి వస్తాయి. నేను కాంక్రీటు కింద వేసే పైపుల విషయంలో ప్రతి జాయింటు దగ్గరా లోపలికి ఎంత పోవాలో ముందే పెన్సిలుతో గీత పెట్టిస్తాను. గీత బయట కనిపిస్తే జాయింటు నిండలేదని అర్థం.

నిలువుగా లేచే పైపులు: మూడు సెంటీమీటర్ల కథ

కమోడ్ పైపు మధ్య నుంచి గోడకు దూరం 300 మి.మీ. అని చాలామంది నోటికి చెబుతారు. కొన్ని కమోడ్లకు అది తక్కువ, కొన్నింటికి ఎక్కువ. కమోడ్ ఏదో ముందే ఎంచుకుని దాని కాగితం చూడండి. ఇంకా ముఖ్యమైనది, ఆ దూరం పూర్తయిన గోడ నుంచి. ఇటుక నుంచి కాదు.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. మొదట్లో ఒక ఇంట్లో ప్లంబరూ నేనూ కలిసి తాడు పట్టి, ఇటుక ముఖం నుంచి సరిగ్గా 300 కొలిచాం. మిల్లీమీటరు కూడా తేడా లేదని మురిసిపోయాం కూడా. తర్వాత ప్లాస్టరు 15 మి.మీ., టైల్, దాని కింద మాల్ కలిపి ఇంకో 20. మిగిలింది 265. కమోడ్ తెచ్చి పెడితే ట్యాంకు గోడకు ఆనింది, అడుగు పైపు మీదికి రాలేదు. ఆ ఒక్క గీత కోసం కొత్త నేలను కోయాల్సి వచ్చింది. అప్పటినుంచి గోడ లేకపోయినా, ప్లాస్టరు టైల్ మందం కలిపి ఇంకో తాడు కట్టించి, దాన్నుంచే కొలుస్తాను.

నిలువు పైపులను నేల మట్టానికి కనీసం 300 మి.మీ. పైకి ఉంచండి. తర్వాత కోసుకోవచ్చు, పొట్టిదాన్ని పెంచడం కష్టం. ప్రతిదాని నోటికీ క్యాప్ అతికించాలి. సిమెంటు సంచి కాగితం కుక్కి వదిలేయడం మనకు తెలిసిన అలవాటే. కాంక్రీటు పాలు కాగితాన్ని దాటుకుని లోపలికి పోయి పైపు అడుగున గట్టిపడతాయి, ఆ తర్వాత ఏ కడ్డీకీ లొంగవు.

పైపు కాంక్రీటులోంచి వచ్చే చోట చుట్టూ 3 నుంచి 5 మి.మీ. ఫోమ్ చుట్టండి. పీవీసీ వేడికి సాగుతుంది: 10 మీటర్ల పైపు 20 డిగ్రీల తేడాకు 12 మి.మీ. దాకా పొడవు మారొచ్చు. కాంక్రీటు దాన్ని బిగించి పట్టుకుంటే ఎక్కడో ఒక జాయింటు లొంగాలి. మందమైన అంచు బీము గుండా పైపు పోతే అక్కడ రెండు సైజులు పెద్దదైన స్లీవ్ (బయటి గొట్టం) పెట్టి, దానిలోంచి తీయాలి.

షవర్ ట్రాప్ వచ్చే చోట సుమారు 300 మి.మీ. చదరపు పెట్టె కట్టి, కాంక్రీటు లేకుండా వదలండి. ట్రాప్ ఎత్తు, పక్కకు జరపడం అన్నీ టైల్స్ వేసే సమయంలో తేలే విషయాలు.

టెస్టు చేయకుండా మట్టి కప్పొద్దు

సైట్లో అందరికీ తొందరగా ఉండే రోజు ఇదే. లారీ రేపు ఉదయం వస్తుంది, ఇంకా గోతులు తెరిచి ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

మురుగు లైన్ చివర, ఛాంబర్ దగ్గర గాలి నింపే ప్లగ్ బిగించండి. ఒక నిలువు పైపుకు 3 మీటర్ల ఎత్తు పైపు తగిలించి నీళ్లు నింపండి. నిదానంగా నింపాలి, గాలి బయటికి పోవాలి. నిండాక నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి కనీసం 15 నిమిషాలు ఆగండి. నేనైతే రాత్రంతా ఉంచుతాను, ఉదయం వచ్చి గీత చూస్తాను. ఆగిన సమయంలో ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మీద చుక్క పడిందేమో చూడాలి. చెమ్మ కంటికి కనపడదు, గుడ్డకు తెలుస్తుంది.

కంప్రెసర్ గాలితో పీవీసీని టెస్టు చేయొద్దు. నీళ్లలో లీకైతే చుక్కలు కారతాయి. గాలితో పగిలితే ముక్కలు ఎగిరి మనుషుల మీద పడతాయి.

నేల కింద నీళ్ల పైపు ఏదైనా ఉంటే దానికి చేతి పంపుతో, వాడే ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఇచ్చి గేజి చూడండి. ఆ గేజిని తీసేయకండి. కాంక్రీటు పోసేటప్పుడు కూడా ప్రెషర్‌లోనే ఉంచండి. ఎవరైనా మేకు దించినా, పార తగిలినా ముల్లు అప్పుడే పడిపోతుంది, కాంక్రీటు పచ్చిగా ఉండగానే తెలుస్తుంది. ఎండ ఎక్కినప్పుడు ముల్లు కొంచెం పెరగడం, సాయంత్రం తగ్గడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

టెస్టు అయ్యాక, మట్టి కప్పకముందు ఫోటోలు తీయండి. ఊరికే గోతి ఫోటో పనికిరాదు. టేపు పెట్టి, రెండు గోడల నుంచి దూరం కనిపించేలా తీయాలి. ఒక కాగితం మీద గది పటం గీసి, ప్రతి పైపు లోతు, దూరం రాసి దాచుకోండి. తర్వాత పగలగొట్టాల్సి వస్తే ఆ ఒక్క కాగితంతో సగం తవ్వకం తప్పుతుంది.

కప్పడం

పైపు పక్కల ఇసుకను చేత్తో, పైపు పొట్ట కిందికి కూడా వెళ్లేలా కూరి, ఆ తర్వాత పైన 50 మి.మీ. అయినా ఇసుక కప్పి, మిగతాది పొరలుగా నింపి కుదించాలి. పైపుకు నేరుగా పైన బరువైన కంపాక్టర్ నడపకండి.

పైపును కప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 110 మి.మీ. ఖాళీ పైపు చుట్టూ పచ్చి కాంక్రీటు చేరితే, అది మీటరుకు దాదాపు 23 కిలోల బలంతో పైపును పైకి తోస్తుంది. నీళ్లలో బంతిలా తేలుతుంది, వాలు మొత్తం పోతుంది.

ఆ పైన 100 మి.మీ. కంకర, చదును చేసి కుదించాక 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు. అంచులు ఒకదాని మీదికి ఒకటి 150 మి.మీ. వచ్చి టేపుతో అతకాలి. పైపు లేచే ప్రతి చోటా షీటును పైపుకు కట్టి టేపు చుట్టాలి, కింది చెమ్మ ముందు ఎక్కేది అక్కడే. ఊచల జాలీని కవర్ బ్లాకుల (ఊచలను ఎత్తిపట్టే చిన్న దిమ్మల) మీద, పలక మందంలో పై మూడో వంతులో నిలబెట్టండి. నేల మీద పరిచి, కాంక్రీటు పోస్తూ కొక్కేంతో పైకి లాగుతామంటే నమ్మొద్దు. వెనకనే నడిచే మనిషి కాళ్ల కింద మళ్లీ అడుగుకు పోతుంది.

పోసే రోజు

మామూలు ఇంటికి 100 మి.మీ. మందం, కార్లు నిలిపే చోట 125 నుంచి 150. ఒకే ఒక్క విషయం మీద కన్ను వేసి ఉంచండి: సైట్లో నీళ్లు కలపడం. గట్టిగా ఉంది, లాగడం కష్టంగా ఉంది అని బకెట్టు ఎత్తుతారు. ఆ బకెట్టుతో బలం తగ్గుతుంది, ఎండాక పగుళ్లు పెరుగుతాయి. సులువుగా పారాలంటే ముందే ప్లాస్టిసైజర్ కలిపి తెప్పించుకోవాలి.

కాంక్రీటును అదిరించి కుదించే వైబ్రేటర్ నిలువు పైపులను తాకకుండా, వాటి చుట్టూ పార మొనతో పొడవండి. పోస్తున్నంతసేపూ ఒక మనిషి చేతిలో టేపు, రసమట్టం పట్టుకుని నిలువు పైపుల దగ్గరే ఉండాలి. కాంక్రీటు పచ్చిగా ఉండగా పైపును జరపడం రెండు నిమిషాల పని.

పలక ఎలాగూ ఎండి కుంచించుకుపోతుంది. ఎక్కడ పగలాలో మనమే చెబితే మంచిది. 100 మి.మీ. పలకకు 2.4 నుంచి 3 మీటర్లకు ఒక కోత, లోతు మందంలో నాలుగో వంతు, అంటే 25 మి.మీ. కోసే అంచు రాలిపోనంత గట్టిపడగానే, సాధారణంగా ఆ రోజో మర్నాడు ఉదయమో కోసేయాలి. ఆలస్యం చేస్తే పలక తనకు నచ్చిన చోట పగులుతుంది. కోత గీతలు నీళ్ల పైపుల మీదుగా రాకుండా ముందే పటం చూసుకోండి. తర్వాత కనీసం 7 రోజులు తడి ఆరనీయకండి.

నేల కింద లీకు ఉందేమో అనిపిస్తే

ఒక చోట నేల వెచ్చగా తగలడం, గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడి, టైల్ కింద డొల్ల శబ్దం, కారణం లేకుండా పెరిగే నీళ్ల ఖర్చు. వీటిలో ఒక్కటే ఉంటే తొందరపడకండి. వెచ్చటి నేల మీద ఇంట్లో పిల్లి రోజూ ఒకే చోట పడుకుంటుంటే మాత్రం ఆ చోట చేయి పెట్టి చూడండి.

ముందు నీళ్ల లైన్. అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు చూడండి, లేదా ట్యాంకులోకి వచ్చే నీళ్లు ఆపి, రాత్రి నీటిమట్టం గుర్తుపెట్టి ఉదయం చూడండి. కమోడ్ ట్యాంకు లీకు కూడా ఇలాగే కనపడుతుంది, కాబట్టి దాని వాల్వు కూడా మూయాలి. మీటరు కదులుతుంటే గీజర్‌కు వెళ్లే వాల్వు మూయండి. అప్పుడు ఆగితే లీకు వేడినీళ్ల లైన్లో ఉంది.

మీటరు కదలకపోతే మురుగు లైన్ వంతు. ఛాంబర్ వైపు ప్లగ్ వేసి, కమోడ్ తీసి, పైపులో నేల మట్టం దాకా నీళ్లు నింపి గీత పెట్టండి. మట్టం పడిపోతే లైన్లో ఎక్కడో పగులు ఉంది. కెమెరా దించితే దూరం తెలుస్తుంది. నీళ్ల లైన్‌కైతే శబ్దం పట్టే పరికరం, వేడినీళ్లకైతే థర్మల్ కెమెరా. ఇవి తెచ్చేవాళ్లను పిలవడం, గుడ్డిగా మూడు చోట్ల పగలగొట్టడం కంటే ఎప్పుడూ చవకే.

నీళ్ల లైనే అని తేలితే పగలగొట్టకుండా ఆ పైపును రెండు చివరలా మూసేసి, కొత్త పైపు గోడల్లోంచి తీసుకెళ్లడమే మేలు. పాత పైపు ఒక చోట కారిందంటే మిగతా పొడవు కూడా అదే వయసుది.

కోయాల్సి వస్తే

మొదటి ప్రశ్న: ఈ పలకలో బిగించిన కేబుళ్లు ఉన్నాయా? పోస్ట్ టెన్షన్ స్లాబుల్లో ఒక్కో ఉక్కు తీగను టన్నుల బలంతో లాగి బిగిస్తారు. దాన్ని కోస్తే కాంక్రీటు చీల్చుకుని బయటికి ఎగురుతుంది, మనిషి ప్రాణం పోవచ్చు. డ్రాయింగు చూడండి, స్కాన్ చేయించండి. ఉన్నాయని తేలితే ఆ పని మీది కాదు. కరెంటు పైపులు కూడా నేలలో ఉండొచ్చు, మెయిన్ ఆపేశాకే మొదలుపెట్టండి.

కోసే చోటును 450 నుంచి 600 మి.మీ. వెడల్పున దీర్ఘచతురస్రంగా గీయండి. చిన్నగా కోస్తే తక్కువ పని అనుకుంటాం, తర్వాత చేయి పట్టదు, కప్లింగ్ ఎక్కదు. డైమండ్ బ్లేడుతో, నీళ్లు పోస్తూ కోయాలి. పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది, ముఖానికి చుట్టుకున్న కండువా దాన్ని ఆపదు. సరైన మాస్క్ పెట్టుకోండి. మూలల్లో ముందు డ్రిల్లుతో రంధ్రం చేస్తే, బ్లేడు గీత దాటిపోయి అక్కడి నుంచి పగులు పాకదు.

కోశాక మధ్య నుంచి పగలగొట్టండి, అంచుల దగ్గర సుత్తి దెబ్బ తగ్గించండి. కింద పైపు దగ్గరపడుతున్నప్పుడు చివరి జానెడు చేత్తోనే తవ్వాలి. పైపు కింద కూడా చేయి దూరేంత, ఓ 100 మి.మీ. తీయండి. పక్కనున్న స్లాబ్ కింద మట్టిని మాత్రం తోడెయ్యకండి.

పాడైన ముక్క కోసేసి, కొత్త ముక్కను మధ్యలో ఆపు లేని రిపేరు కప్లింగ్‌లతో జరిపి కలపండి. పాత పైపు వాలు కూడా చూసుకోండి, చాలాసార్లు పగులుకు కారణం ఆ వంపే. ముందు చేసినట్టే నీళ్లు నింపి, గుడ్డతో తుడిచి టెస్టు చేసిన తర్వాతే ఇసుక.

మూయడంలో మూడు పనులు ఎక్కువగా దాటేస్తారు. మట్టిని 150 మి.మీ. పొరలుగా కుదించడం ఒకటి. చిరిగిన షీటుకు కొత్త ముక్కను 150 మి.మీ. కలిసేలా వేసి టేపు చుట్టడం రెండోది. మూడోది డోవెల్ ఊచలు, అంటే పాత పలకనూ కొత్త ముక్కనూ కలిపే ఊచలు: పాత పలక అంచులో, మందం మధ్యలో, 300 నుంచి 450 మి.మీ. దూరంలో 12 మి.మీ. ఊచకు సరిపడా రంధ్రాలు 100 మి.మీ. పైగా లోతు వేసి, దుమ్మును బ్రష్షుతో, గాలితో పూర్తిగా తీసి, ఎపాక్సీతో ఊచలు దించాలి. అవి లేకపోతే కొత్త ముక్క విడిగా కుంగుతుంది, అంచు వెంట టైల్స్ గీతగా పగులుతాయి.

పాత అంచును తడిపి, పైన నీళ్లు నిలవకుండా ఆరాక కాంక్రీటు పోసి, ప్లాస్టిక్ కప్పి వారం ఉంచండి. టైల్స్ వేసేముందు ఒక చదరపు అడుగుకు పైగా ఉన్న పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నేల మీద నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు వదలండి. తీసినప్పుడు లోపల నీటి బిందువులు కనిపిస్తే, లేదా ఆ చోట నేల నల్లగా ఉంటే ఇంకా ఆరలేదు. ఇంకో వారం ఆగి మళ్లీ అతికించండి.